గాలి గొట్టాల సిద్దిరాములు

చెరకు ఆడే కాలంలో బోధన్ రోడ్డు మీద కొన్ని లారీలను దూరం నుంచే గుర్తుపట్టగలిగేవాళ్ళు. బానెట్ పక్క నుంచి లేచి, క్యాబిన్ కప్పు దాటి మూరెడు పైకి ఒక రేకు గొట్టం నిలబడి ఉండేది. దాని నెత్తిన బోర్లించిన నెయ్యి డబ్బా. కొత్తగా చూసినవాళ్ళు పొగగొట్టం అనుకునేవాళ్ళు. పొగ వదిలే గొట్టం ఎప్పటిలాగే కింద, వెనక వైపు ఉండేది. ఇది గాలి పీల్చే గొట్టం. దీన్ని తన చేతులతో వంచి, అతికి, నిలబెట్టినవాడు సిద్దిరాములు.

అతనిది బోధన్‌కు నాలుగు మైళ్ళలో, మంజీర వైపు ఒక పల్లె. తండ్రికి ఎకరన్నర చెలక భూమి. తల్లి పోయేనాటికి సిద్దిరాములుకు పద్నాలుగేళ్ళు, చెల్లెలు నాగవ్వకు ఏడు. ఆ పిల్లకు తల దువ్వడం, జ్వరం వస్తే పక్కన కూర్చోవడం, అన్నం తినకపోతే బతిమాలడం అన్నీ అతనే చేశాడు. ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు, వీడు అన్న కాదు, మీసాలొచ్చిన అవ్వ అని. అతను సిగ్గుపడేవాడు కాదు.

యాభై ఆరులో, రాష్ట్రం మారుతుందని అందరూ మాట్లాడుకుంటున్న రోజుల్లో, నిజామాబాద్ పోయి స్టేషన్ దగ్గరి లారీ షెడ్డులో పనికి చేరాడు. షెడ్డు పెద్దాయనను అందరూ ఉస్తాద్ అని పిలిచేవాళ్ళు. పెట్రోల్ లారీలు పోయి డీజిల్ లారీలు వస్తున్న కాలం. ఇంజన్ విప్పకముందు ఆయన పనివాళ్ళందరినీ నోరు మూసుకుని నిలబడమని, అది ఏం చెప్తుందో వినమనేవాడు. సిద్దిరాములు ఆరేళ్ళు విన్నాడు.

అక్కడే ఒక సంగతి నేర్చుకున్నాడు. డీజిల్ ఇంజన్‌కు ఒక పిచ్చి ఉంది. గాలి వెళ్ళే దారిలోకి నూనె చేరితే, ఇంజన్ ఆ నూనెనే తింటూ తిరుగుతుంది. డీజిల్ బంద్ చేసినా ఆగదు. ఇంకా ఇంకా వేగం అందుకుని చివరికి తనను తానే పగలగొట్టుకుంటుంది. ఉస్తాద్ తన జీవితంలో రెండే రెండు సార్లు చూశాడట. అప్పుడు ఏం చేయాలో ఆయన చెప్పిన మాట సిద్దిరాములు మరచిపోలేదు.

“దాని నోరు మూయాలె బేటా. తడి గోనెసంచి తెచ్చి గాలి పీల్చే నోట్లె కుక్కాలె. ఇంకేం చేసినా ఆగదు.”

అరవై రెండులో బోధన్ వచ్చి, లారీ అడ్డ పక్కన నాలుగు రేకుల కింద సొంత షెడ్డు పెట్టుకున్నాడు. అప్పటికి నాగవ్వకు పెళ్ళై మూడేళ్ళు. భర్త ముత్తన్న లారీ డ్రైవరు. బాపురావు అనే ఆసామికి అయిదు లారీలుండేవి. ఊళ్ళలో కొట్టిన చెరకును ఫ్యాక్టరీకి తోలేవాళ్ళు. ముత్తన్న వాటిలో ఒకటి నడిపేవాడు.

చెరకు లారీలకు శత్రువు దుమ్ము. నల్లరేగడి బండ్ల బాటలు, ముందు వంద ఎడ్లబండ్లు, వెనక లారీల వరస. ఇంజన్ పీల్చే గాలిని కడగడానికి బానెట్ కింద ఒక గిన్నె ఉంటుంది. అందులో ఒక గీత దాకా నూనె పోస్తారు. గాలి ఆ నూనెను తాకి, పైనున్న తీగజాలి గుండా లోపలికి పోతుంది. దుమ్ము నూనెలో చిక్కుకుంటుంది. బోధన్ బాటల మీద ఆ గిన్నె మూడు రోజులకే బురద కుండ అయ్యేది. మిగిలిన దుమ్ము లోపలికి పోయి ఇంజన్‌ను ఆకురాయిలా అరగదీసేది. సీజన్ తిరిగేసరికి ప్రతి లారీ నల్లపొగ కక్కుతూ, ఎత్తు ఎక్కలేక సిద్దిరాములు షెడ్డు ముందుకొచ్చేది.

ఒకరోజు ఊరి నుంచి వస్తూ అతను ముత్తన్న లారీలో చెరకు మోపుల మీద కూర్చున్నాడు. పైన గాలి చల్లగా, శుభ్రంగా ఉంది. కిందికి చూస్తే దుమ్ము ఏరులా పారుతోంది. ముందున్న బండ్ల ఎడ్లకు కొమ్ములు తప్ప ఏమీ కనబడటం లేదు. బానెట్ పూర్తిగా అందులో మునిగి ఉంది. తను కూర్చున్న చోటికి మాత్రం ఒక్క రేణువు రావడం లేదు. దిగేసరికి గొట్టం అతని తలలో తయారై ఉంది.

రేకు తెచ్చి, కర్ర మీద చుట్టి, అంచులు మడిచి కొట్టాడు. వంపులు ఎక్కువైతే ఇంజన్‌కు ఊపిరి అందదని ఒకే ఒక్క వంపు పెట్టాడు. గిన్నె మూతి దగ్గర, పాత లారీ ట్యూబును పట్టీలా కోసి, తీగతో బిగించి అతికాడు. పైన వాన పడకుండా, చెరకు ఆకు దూరకుండా నెయ్యి డబ్బాకు చిల్లులు కొట్టి బోర్లించి రివెట్లు వేశాడు. ఇంజన్ నడిపి, అతుకుల పక్కన ఊదుబత్తి పట్టుకుని చూశాడు. పొగ లోపలికి పోతే అక్కడ సందు ఉన్నట్టు. పొగ నిటారుగా లేచేదాకా మళ్ళీ మళ్ళీ బిగించాడు.

నాగవ్వ వచ్చి గొట్టానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ముత్తన్న నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, “మీ అన్న నా లారీకి తురాయి పెట్టిండు. ఇగ నేను పెండ్లికొడుకునే,” అన్నాడు. ఆమె అన్నను చూసి నవ్వింది. లారీల వాళ్ళ ముందు తన అన్న ఇంత పని చేశాడని ఆమెకు లోలోపల గర్వం.

ఆ సీజన్‌లో ముత్తన్న లారీ పొగ కక్కలేదు, గిన్నె కూడా నెలకోసారి కడిగితే చాలింది. మరుసటి సీజన్‌లో కూడా కక్కలేదు. అంతటితో అడ్డమీది లారీలు ఒక్కొక్కటే వచ్చాయి. మూడేళ్ళలో ఇరవై దాకా లారీలకు గొట్టాలు లేచాయి. అతని పేరుకు ముందు గాలి గొట్టాలు చేరాయి. పేరు అంటే అతని మటుకు అదే. తండ్రి ఇచ్చింది ఒట్టి పిలుపు. ఇది మాత్రం తను సంపాదించుకున్నది.

ఒక్క ముల్లు మాత్రం గుచ్చుతూ ఉండేది. ఒకనాడు నిచ్చెన మీద నిలబడి ఎవరి లారీకో నెయ్యి డబ్బా బిగిస్తుంటే ఉస్తాద్ మాట గుర్తుకొచ్చింది. ఇంజన్‌కు పిచ్చెక్కితే నోరు మూయాలి. ఆ నోరు ఇప్పుడు మనిషి చేతికి అందకుండా నిలువున్నర ఎత్తులో, రివెట్లు కొట్టిన డబ్బా కింద ఉంది. గొట్టంలో ఒక రేకు మూత పెట్టి, సైకిల్ బ్రేకు తీగ కట్టి డ్రైవరు పక్కకు దింపితే సరిపోతుంది, లాగగానే నోరు మూసుకుంటుంది అనుకున్నాడు. తీగలు కూడా కొనుక్కొచ్చాడు. సీజన్ రద్దీలో ఆ కట్ట అలాగే ఉండిపోయింది. ఉస్తాద్ అంతటివాడే రెండుసార్లే చూశాడు కదా అని తనకు తాను చెప్పుకున్నాడు.

అరవై ఆరు నవంబరులో చెరకు ఆడటం మొదలైన వారానికి ముత్తన్న లారీకి పిచ్చెక్కింది.

ఆ ఏడు మొదటి నిండు లోడు అది. కాలువ కట్ట ఎక్కే ఎత్తులో ముత్తన్న గట్టిగా తొక్కాడు. ఉన్నట్టుండి ఇంజన్ కీచుమని అరిచింది. వెనక తెల్లని పొగ బాటంతా కమ్మింది. అతను కాలు తీశాడు. వేగం తగ్గలేదు. డీజిల్ బంద్ చేసే పిడి లాగాడు. ఆగలేదు. వెనక ఎడ్లబండ్ల వరస. చెరకు మీద కూలీ ఆడవాళ్ళు. గేరులోనే బిగపట్టి ఇంజన్‌ను ఆపుదామంటే బరువుకు లారీ వెనక్కి జారి బండ్ల మీద పడుతుందని భయం. న్యూట్రల్ చేసి, చేతి బ్రేకు లాగి, బండ్లవాళ్ళతో చక్రాల కింద రాళ్ళు పెట్టించి, ఆడవాళ్ళను దూకి పారిపొమ్మన్నాడు. అప్పుడు కాలువలో గోనెసంచి ముంచుకుని బానెట్ ఎత్తాడు. ఆ సంగతి అతనికి సిద్దిరాములే చెప్పి ఉన్నాడు. కాని కుక్కడానికి అక్కడ నోరు లేదు, గొట్టం ఉంది. దాన్ని పీకి గిన్నె మూతి మూద్దామని ట్యూబు పట్టీ మీది తీగ ముడి విప్పుతున్నాడు. సిద్దిరాములు బిగించిన తీగ అంత తొందరగా ఊడేది కాదు. అప్పుడే ఇంజన్ పగిలింది. లోపలి ఇనుప కడ్డీ పక్క గోడను చీల్చుకుని వచ్చి అతని ఎడమ మోకాలికి తగిలింది.

నిజామాబాద్ దవఖానలో మోకాలి పైదాకా కాలు తీసేశారు.

సిద్దిరాములు రెండు రోజులు అక్కడే ఉండి, మూడోనాడు బోధన్ వచ్చి, ఈడ్చుకొచ్చిన లారీ బానెట్ ఎత్తాడు. గాలి గిన్నె విప్పి వెలుతురులోకి తెచ్చి చూశాడు. గీత గిన్నెలో సగానికి కింద ఉంటుంది. నూనె జిడ్డు చూస్తే అంచు దాకా ఉంది. పైనున్న జాలి నూనెలో ముంచి తీసినట్టు కారుతోంది. గిన్నె గీత దాటి నిండా నింపి ఉంది. బండి మెల్లగా తిరిగినన్నాళ్ళు ఏమీ కాలేదు. నిండు లోడుతో గట్టిగా తొక్కేసరికి ఇంజన్ గాలితోపాటు నూనెను కూడా జుర్రుకుంది.

ముందు అతనికి పెద్ద బరువు దిగినట్టయింది. తప్పు గొట్టానిది కాదు. ఆ వెంటనే, ఒంటికాలితో పడుకున్న మనిషి తప్పు పట్టడానికి సంతోషిస్తున్నానా అని సిగ్గుపడ్డాడు. అయినా నాలుగేళ్ళుగా గిన్నె కడిగి గీతకాడికి పోసే ముత్తన్న ఇంత పొరపాటు ఎట్లా చేశాడో తెలుసుకోకుండా ఉండలేక మళ్ళీ దవఖానకు పోయాడు.

ముత్తన్న మంచం మీద, నాగవ్వ కింద చాప మీద ఉన్నారు. ఆ గాలి గిన్నెలో నూనె పోసింది ఎప్పుడని అతను మామూలుగానే అడిగాడు. దసరా నాడు అని ముత్తన్న చెప్పాడు, పైకప్పు చూస్తూ.

నాగవ్వే అందుకుంది. ఆమెకు ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. వాళ్ళ అత్తగారింట్లో దసరా పూజనాడు ఏ పాత్రా వెలితిగా ఉంచరు. గాబు, కుండ, దీపం ప్రమిద, ఉప్పు జాడీ అన్నీ నిండుగా ఉండాలి. లారీకి కూడా అంతే.

“మేం ఏం తక్కువ చేసినం అన్నా? నీళ్ళు నిండుగ పోసిన. డీజిల్ పోయించిన. ఆయన గా గిన్నె కడిగి సగమే పోసి, మామిడాకులు కట్టనీకి పోయిండు. పూజనాడు సగం ఎట్ల పెడ్తరని డబ్బలున్న నూనె మొత్తం నేనే పోసిన. ఒక్క గిన్నె వెలితి పెట్టలే. అయినా దేవునికి మా మీద ఎందుకు కోపమొచ్చింది? ఏం తక్కువైంది?”

సిద్దిరాములు ముత్తన్న వైపు చూశాడు. ముత్తన్న కళ్ళు మూసుకున్నాడు. ఆ కళ్ళు మూసుకోవడంలో అంతా ఉంది. గిన్నెను బిగించింది అతనే. నిండుగా ఉండటం చూశాడు. పూజనాడు పెళ్ళాం నింపినదాన్ని పారబోయడం ఎందుకని, రేపు తీద్దామని ఊరుకున్నాడు. రేపు మరచిపోయాడు.

నాగవ్వ ఇంకా జవాబు కోసం అన్న ముఖం చూస్తోంది. జ్వరం వచ్చినప్పుడు కూడా చిన్నతనంలో అట్లాగే చూసేది.

“నీతోని ఏం తక్కువ కాలేదమ్మా,” అన్నాడు సిద్దిరాములు. “తప్పు నా గొట్టందే.”

ఆమె ముఖం తిప్పుకుని, నువ్వు పో అన్నా అంది. అతను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. తను అబద్ధం చెప్పానా, నిజం చెప్పానా అన్నది అతనికే తేలలేదు. నూనె ఎక్కువైనా నోరు చేతికి అందితే ఇంజన్ ఆగేది. అది అందకుండా చేసింది తనే. కొనుక్కొచ్చిన తీగలు ఇంకా షెడ్డులో మేకుకు వేలాడుతున్నాయి.

నాలుగు రోజులకు బాపురావు తన లారీల దొడ్లోకి పిలిపించాడు. మిగతా లారీల ఆసాములు, డ్రైవర్లు కూడా వచ్చారు. బాపురావు చెడ్డవాడు కాదు. తేల్చుకోవాలనుకున్నాడు. డ్రైవరు తప్పయితే ముత్తన్నకు ఇక తన దగ్గర చోటు లేదు, తప్పు అతనిది కాకపోతే దొడ్లో కాపలా పని ఇస్తానన్నాడు.

“నీ గొట్టమా, వాని చెయ్యా? ఒక్క మాట చెప్పు సిద్దిరాములూ.”

“గొట్టమే పటేలా.”

“గిన్నె ఇప్పి సూసినవా?”

“సూసిన. అంత మంచిగనే ఉన్నది. గొట్టంతోనే అయింది.”

ఎవరో వెనక నుంచి, తురాయి పెట్టి తలకాయ తీసిండని అన్నారు. కొందరు నవ్వారు. అది ముత్తన్న తన లారీ గురించి చెప్పుకున్న మాటే. అడ్డమీద అందరికీ తెలిసిన మాట.

ఇంటికి పోతే భార్య సాయవ్వ నిలదీసింది. ఆమెకు అతను నిజం చెప్పాడు. చెప్పకపోతే తనకే పిచ్చెక్కేది. ఆమె పొయ్యిలోకి కట్టె ఎగదోసింది. నీ చెల్లె నిదుర పోవాలని మనం మేలుకోవాల్నా అంది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళలో ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, ఎవరికీ చెప్పలేదు.

అసలు బాధ అక్కడితో ఆగలేదు. గొట్టాలున్న మిగిలిన లారీలు రోడ్డు మీదే ఉన్నాయి. ఆ ఇళ్ళల్లో కూడా పూజలుంటాయి, వెలితి వద్దనుకునే ఆడవాళ్ళుంటారు. కారణం చెప్తే మాట ఎట్లాగో నాగవ్వ చెవిన పడుతుంది. చెప్పకపోతే ఇంకొకరి కాలు పోతుంది. సిద్దిరాములు ఒక్కో లారీ దగ్గరికి పోయి బతిమాలాడు. గిన్నెకు గీత దగ్గర చిన్న తొర్ర కొట్టి బిరడా పెడతానన్నాడు. నూనె పోసేటప్పుడు బిరడా తీస్తే ఎక్కువైనది కారిపోతుంది, పోయడం అయ్యాక మళ్ళీ బిగించాలి. గొట్టంలో రేకు మూత పెట్టి, లాగే తీగ దింపుతానన్నాడు. ఎందుకని అడిగితే, నేను ముందే చేయాల్సిన పని అని మాత్రం చెప్పాడు.

నలుగురు ఒప్పుకున్నారు. మిగతావాళ్ళు, మొన్న గొట్టం పెట్టినవ్, ఇయ్యాల తొర్ర కొడ్తవ్, రేపు చక్రాలు గుంజుకపోతవా అని ఎగతాళి చేసి, అతని ముందే గొట్టాలు పీకి పారేశారు. పారేసిన గొట్టాలను కల్లు దుకాణం వాడు ఏరుకుపోయి పందిరికి గుంజలుగా పాతాడు. ఆ దారినే అతను రోజూ షెడ్డుకు పోయేవాడు. గొట్టాలు పోయిన లారీలు ఆ సీజన్ చివరికే మళ్ళీ నల్లపొగ కక్కాయి. అవి ఇంకో షెడ్డుకు పోయాయి.

ఆరు నెలలు ఖాళీగా కూర్చుని, షెడ్డు రేకులు విప్పేసి, అతను నిజామాబాద్ పోయాడు. ఉస్తాద్ అప్పటికి లేడు. ఆయన షెడ్డులోనే వేరేవాళ్ళ చేతి కింద పనికి కుదిరాడు. ఎవరి ఇంజన్ మీదా సొంత ఆలోచన చేయలేదు. చెప్పిన బోల్టు విప్పాడు, చెప్పిన బోల్టు బిగించాడు.

నాగవ్వ అతని గడప తొక్కలేదు. అతని బిడ్డ పెళ్ళికి కూడా రాలేదు. ముత్తన్న ఒక్కడే కర్ర ఊతంతో బస్సు దిగి వచ్చాడు. అందరూ భోజనాల దగ్గర ఉన్నప్పుడు పందిరి వెనక్కి పిలిచి, ఇక నా వల్ల కాదు, ఆమెకు చెప్పేస్తానన్నాడు. గిన్నె నిండుగా ఉన్నది చూసి కూడా తానే బిగించానని అన్నాడు.

సిద్దిరాములు ఒప్పుకోలేదు.

“నువ్వు ఆమెతోని ఒక్క ఇంట్ల బతకాలె బావా. నేను వేరే ఇంట్ల ఉంట. గా తప్పు నా మీద ఉంటెనే నయం.”

ముత్తన్న తలవంచుకుని పోయాడు.

దొడ్డి కాపలా జీతం చాలక నాగవ్వ లారీ అడ్డలో చాయ దుకాణం పెట్టింది. డెబ్బై నాలుగులో, దసరా పోయిన పది రోజులకు, ఆ దుకాణం ముందు ఒక లారీ ఇంజన్ గురించి మాటలు నడిచాయి. మహారాష్ట్ర నుంచి వచ్చిన లారీ. దారిలో పిచ్చెక్కితే, గొట్టం గిట్టం లేనిది కాబట్టి క్లీనరు తడి గోనెసంచి కుక్కి ఆపాడు. నాందేడ్ నుంచి కొత్తగా వచ్చి అడ్డలో షెడ్డు పెట్టిన మిస్త్రీ గాలి గిన్నె విప్పి, డ్రైవరు ముందు పెట్టాడు. గీత దాటి పోస్తే ఇట్లనే అయితదని, పూజనాడు మీ ఇంటి ఆడోళ్ళు ముద్దుగా నింపారా ఏందని అడిగాడు. డ్రైవర్లు నవ్వారు.

నాగవ్వ చాయ వడబోస్తున్న గిన్నె కింద పెట్టి వచ్చింది. ఏ గిన్నె అని అడిగింది. మిస్త్రీ చూపించాడు. గీత చూపించాడు. దాటితే ఏమవుతుందో ఆమె రెండుసార్లు చెప్పించుకుంది. దుకాణం అట్లాగే వదిలేసి ఇంటికి పోయి, దేనివల్ల నీ కాలు పోయింది అని భర్తను అడిగింది. గొట్టం అన్నాడు ముత్తన్న.

ఆమె మధ్యాహ్నం బస్సుకు నిజామాబాద్ వచ్చి షెడ్డు ముందు నిలబడింది. సిద్దిరాములు లారీ కింద నుంచి ముందు ఆమె కాళ్ళు చూశాడు. ఎనిమిదేళ్ళ తర్వాత కూడా పోల్చుకున్నాడు.

“గిన్నె ఇప్పిననాడు నీకు తెలుసు గదా అన్నా?”

అతను తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ, గొట్టం వల్లనే అన్నాడు.

“ఆయన గూడ గదే అన్నడు. మీ ఇద్దరికి ఒక్కటే పాఠం.” ఆమె గొంతు లేవలేదు. “నా చేతులతోని చేసిన. నిన్ను తిట్టుకుంట బతికిన. నీ బిడ్డ పెండ్లినాడు తలుపులేసుకోని తిట్టిన. గా తిట్లన్ని నేనిప్పుడు ఎక్కడ పెట్టాలె?”

అప్పుడు అతను తన సగం చెప్పాడు. ఉస్తాద్ మాట, అందకుండా పోయిన నోరు, కొని కట్టని తీగలు. నూనె ఎక్కువ కావడం ఎక్కడైనా జరుగుతుందని, ఆపే దారి మూసింది తానేనని అన్నాడు. ఆమె విన్నది, కాని అది ఆమెను ఓదార్చలేదు. నీది నీ కాడ ఉంచుకో, నాది నాకియ్యి అంది. రేపు అడ్డమీద నిలబడి అందరికీ చెప్తానంది. అతను చేతులు పట్టుకుని వద్దన్నాడు. తను మోసిన ఎనిమిదేళ్ళు వృథా అయిపోతాయన్నాడు. నీ పేరు పోయింది గదా అని ఒక్క మాట అని ఆమె బస్సెక్కింది.

తెల్లవారి మొదటి బస్సుకు అతను బోధన్ పోయాడు. ఆపుదామనే పోయాడు. అప్పటికే నాగవ్వ చాయ దుకాణం ముందు, ఆగిన లారీల మధ్య నిలబడి చెప్తోంది. ముత్తన్న కర్ర మీద ఆనుకుని పక్కనే ఉన్నాడు. నూనె తానే పోశానని, తన అన్న పెట్టిన గొట్టంలో ఏ తప్పూ లేదని, తన కోసం తప్పు నెత్తిన వేసుకున్నాడని ఆమె ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ చెప్పింది. చెమట కారుతున్నా ఆగలేదు.

పది మంది దాకా డ్రైవర్లు విన్నారు. బాపురావు నాలుగేళ్ళ కిందటే లారీలమ్ముకుని నాందేడ్ పోయాడు. ఆనాడు నవ్వినవాళ్ళలో ఒక్కడూ అక్కడ లేడు. ఒకతను ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, పాపం మంచి మాటే చెప్పిందన్నట్టు తల ఊపాడు. ఇంకొకతను మర్యాదగానే అడిగాడు.

“ఏ గొట్టం అక్కా? సిద్దిరాములంటే ఎవరు?”

నాగవ్వ తన చుట్టూ ఉన్న ముఖాలు ఒక్కొక్కటే చూసింది. ఎవరికీ ఏమీ తెలియదు. అప్పుడు రోడ్డు అవతల నిలబడ్డ అన్న కనబడితే చెయ్యెత్తి చూపించింది.

“గాయననే.”

డ్రైవర్లు అటు తిరిగి చూశారు. మసి బట్టల్లో నడివయసు మనిషి. చూసి, మళ్ళీ చాయ వైపు తిరిగారు. సిద్దిరాములు రోడ్డు దాటి వచ్చాడు. ఆమె చెయ్యి ఇంకా దించలేదు. అతను దాన్ని పట్టుకుని మెల్లగా దించి, నడువమ్మా అన్నాడు.